సీసాలో బుడగలు

పాత కారు బ్రేకు మెత్తబడేసరికి టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. మర్నాడు అమ్మను కంటి ఆపరేషన్‌కు కొండ దిగువకు తీసుకెళ్లాలి. పెడల్ తొక్కిపెట్టే అన్న ఊళ్లో లేడు. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని ఒంటరిగానే తీయాలి.

చక్రం దగ్గరి మర వదులు చేసి, దానికి ట్యూబు తొడిగి, రెండో కొసను బ్రేకు ఆయిల్ పోసిన సీసాలో ముంచింది. పెడల్ తొక్కడం, పరుగున వచ్చి సీసా చూడటం. ఎంతకీ బుడగలు ఆగవే! అవి ఆగిన చోటల్లా మర బిగిస్తూ నాలుగు చక్రాలూ పూర్తి చేసేసరికి పెడల్ గట్టిపడింది కానీ, ఆమెకు నమ్మకం చిక్కలేదు.

వాలులో నడిపి చూద్దామనుకుంటే అమ్మ ఎక్కి కూర్చుంది.

“దిగమ్మా. ఆగకపోతేనో?”

“ఆగకపోతే నువ్వొక్కదానివే పోతావా? పోనీయ్.”

వాలు మధ్యలో బ్రేకు తొక్కింది. కారు ఆగింది. అమ్మ చేయి మాత్రం కూతురి మోకాలిని వదల్లేదు.