నలుగురికి సరిపడా క్యారియర్

నిన్న మధ్యాహ్నం మా స్టాఫ్‌రూమ్ గుమ్మంలో ఫస్టియర్ అమ్మాయి ఒకతి నిలబడి, "టీసీ ఇచ్చేయండి మేడమ్, నేనీడ ఉండలేను" అంది. చేతిలో అవుకు నుంచి బస్సులో వచ్చిన స్టీలు క్యారియర్. మూతైనా తీయలేదు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

మా నాయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవాడు. ఒక్కో విగ్రహంతో నెలల తరబడి కూర్చునేవాడు గానీ, దాన్ని లారీకెక్కించే రోజు మాత్రం కొట్టంలో కనిపించేవాడు కాదు. టీ తాగొస్తానని పోయి, లారీ వెళ్ళాక వచ్చేవాడు. అంతసేపు ఎవరూ టీ తాగరని వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నేను నంద్యాల కాలేజీకి బయల్దేరిన రోజూ అంతే, అమ్మ బస్సెక్కించింది, ఆయన టీకి పోయాడు. అయితే విగ్రహాలకు లేని భోగం నాకొకటి దక్కింది. హాస్టల్ కూడు నాకు సయించదని తనే తీర్మానించేసి, రోజూ పదకొండు గంటల బస్సులో కండక్టర్ చేతికి క్యారియర్ ఇచ్చి పంపేవాడు.

క్లాసులో ఇంగ్లీషు పాఠం నా తల మీంచి పోయేది. పక్కనున్న వాళ్ళను అడగాలంటే సిగ్గు. లంచ్ బెల్లు కొట్టగానే బస్టాండుకు పరుగెత్తి, బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. ఖాళీ గిన్నెలు తీసుకుంటూ కండక్టర్ "ఏమ్మా, నువ్వూ వస్తాండావా?" అని ఎగతాళికి అడిగితే, నిజంగానే ఎక్కేసేదాన్ని. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అన్నీ అలా బస్సు పాలయ్యాయి. దసరా సెలవులకు వస్తే మళ్ళీ పోనని నాయనతో చెప్పేశాను. "నీ ఇష్టమమ్మా" అన్నాడు, కాస్త ఎక్కువ సంతోషంగానే.

ఆ తర్వాత సోమవారం బస్సులోంచి ఐదు గిన్నెల క్యారియర్ దిగింది. పన్నెండు జొన్న రొట్టెలు, గిన్నెడు వంకాయ కూర, చెనిగ్గింజల కారప్పొడి, పెరుగన్నం. నాయనకు మతి పోయిందనుకున్నాను. తినలేను, పారేయలేను, తిరిగి పంపితే అమ్మ బెంగ పెట్టుకుంటుంది. మోయలేక మోస్తూ కాలేజీకి తెచ్చాను. ల్యాబ్ వరండాలో బాటనీ మేడమ్ అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ ఉంది. ఆమెన్ అనగానే నా క్యారియర్ వైపు చూసి, "ఏందమ్మే, పెండ్లికి తెచ్చినావా?" అంటూ లోపలున్న ముగ్గురు ఆడపిల్లల్ని కేకేసింది. గోస్పాడు నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఆ పొడికి ముక్కు కారుతున్నా ఆపకుండా తిని, "రేప్పొద్దున గూడా తెస్తావా?" అంది. ఆ ఊళ్ళో నా రేపటి గురించి అడిగిన మొదటి మనిషి అదే. ఆ పూట బస్సు వెళ్ళిపోయింది, నేను ల్యాబులో ఉన్నాను. దసరాకి ఇంటికి వెళ్ళి, సెలవులు కాకముందే తిరిగొచ్చాను.

మూడో ఏడు వీడ్కోలు రోజున నాయన మొదటిసారి కాలేజీకి వచ్చాడు. బాటనీ మేడమ్ ఎదురొచ్చి "బాగుండావా అన్నా?" అని పాత చుట్టంలా పలకరించింది. నేను నోరెళ్ళబెట్టాను. తిరుగు బస్సులో నాయన నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు ల్యాబుకు రావడంల్యాదని, ఆ పెద్ద క్యారియర్ పంపిన ముందురోజు ఆదివారం, ఆయమ్మ చర్చి కాంగానే మన కొట్టానికొచ్చింది. క్యారియర్ మాన్పీమంటాదేమో అనుకున్యా. నలుగురికి సరిపోయేట్టు పంపన్నా అనింది. అట్ల పంపితే నువ్వు ఆడ్నే నిలబడిపోతావని నాకు తెలుసు." కిటికీ వైపు తిరిగాడు. "అయినా పంపినా. మీ అమ్మ క్యారియర్ కడతాంటే నేను టీ తాగేకి పోయినా."

నిన్న ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, క్యారియర్ ఎవరు పంపుతారని అడిగాను. "మా నాయన" అంది. ఫోన్ చేయించాను. "రేపటి నుంచి నలుగురికి సరిపోయేట్టు పంపన్నా" అన్నాను.  అవతల ఆయన "సరే మేడమ్" అన్నాడు. టీసీ సంగతి దసరా తర్వాత చూద్దామని చెప్పి, పిల్ల చేత మూత తీయించి, నేనూ ఒక రొట్టె తుంచుకున్నాను. ఆ సోమవారం మా నాయన టీ తాగి రావడానికి ఎంతసేపు పట్టిందో అమ్మను నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెప్పడానికి ఇద్దరూ లేరు.