మోటారు కాలిపోకుండా

పశువుల దాణా మిల్లులో ఆమెను అందరూ స్విచ్చక్క అనేవారు. దాణా కలిపే మిక్సరు పైన ఉంటుంది, ఇనప మెట్లెక్కి పోవాలి. దాని మోటారును నడిపే స్విచ్చు మాత్రం కింద, గోడ మూలన ప్యానెలు బోర్డుకు ఉంటుంది. ఏ మహానుభావుడు ఏ పరధ్యానంలో కట్టించాడో గానీ, స్విచ్చు దగ్గర నిలబడితే మిక్సరు కనపడదు, మిక్సరు దగ్గర నిలబడితే స్విచ్చు కనపడదు. అందుకని పైనుంచి కిందికి ఒక గొట్టం బిగించారు. పైనున్నవాడు పానాతో గొట్టం మీద ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే వెయ్యమని. ఏళ్ళ తరబడి ఆ మోతకే చెవి అప్పగించి బతికిందామె. ఇంట్లో గిన్నె జారి రెండుసార్లు మోగినా కుడిచెయ్యి తనంతట తానే లేచేది.

"ఇంట్లో కూడా డ్యూటీయేనా?" అని నవ్వేవాడు మొగుడు.

పైన పానా పట్టుకున్నది ఆమె సొంత అన్న. "మిల్లు మొత్తం మీద నా మాట వినేది మా చెల్లెలొక్కతే. అదీ ఇనప గొట్టంతో చెబితేనే" అని అందరి ముందూ ఆటపట్టించేవాడు.

ఆ అన్న కుడిచెయ్యి మోచేతి పైదాకా మిక్సరులో పోయింది.

ఆ రోజు బెల్లపు మడ్డి ఎక్కువై తవుడు ముద్దకట్టింది. తెడ్లు తిరగలేదు. బరువు లాగలేక మోటారు ఆగిపోయింది. మిల్లు భాషలో చెప్పాలంటే ట్రిప్పయింది. అలా ఆగినప్పుడు పైనున్నవాడు చెయ్యి పెట్టి ముద్ద లాగేసి, రెండు దెబ్బలు కొట్టాలి. అన్న చెయ్యి పెట్టాడు. గొట్టం మోగలేదు. మిక్సరు తిరిగింది.

కేక విని జనం పరిగెత్తుకొచ్చేసరికి స్విచ్చు పిడి ఆన్ వైపు ఉంది. దాని ముందు ఆమె నిలబడి ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

"నేను ముట్టుకోలేదు" అంది.

"నువ్వు ముట్టుకోకపోతే దానికేమన్నా చేతులున్నాయా?" అన్నాడు మేనేజరు.

ముట్టుకోలేదని మొదటిరోజు గట్టిగా అంది. వారం గడిచేసరికి గొంతు తగ్గింది. గిన్నె మోతకు లేచే చెయ్యి, ఏ పాడు మోతకో లేచి ఉండదని నమ్మకమేమిటి? తన చేతిని తానే అనుమానించడం మొదలయ్యాక కూరగాయలు తరుగుతూ మధ్యలో ఆగి, వేళ్ళ వైపు చూస్తూ కూచునేది.

ఆమెను పనిలోంచి తీసేశారు. అన్నకు గేటు దగ్గర ఒక స్టూలు వేసి, వచ్చేపోయే లారీలు చూసుకోమన్నారు. మిక్సరు పని ఆమె మొగుడికిచ్చారు. పైపనీ అతనిదే, కింద స్విచ్చూ అతనిదే. మధ్యాహ్నం ఆమె అన్నం క్యారేజీ తెస్తే గేటు దగ్గర అన్న ఉంటాడు. ఆమె చేతిలోంచి అందుకోడు. గోడ మీద పెట్టమన్నట్టు గడ్డం ఎత్తి చూపిస్తాడు. ఆమె పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాక ఎడమచేత్తో తీసుకుని లోపలికి పంపిస్తాడు.

ఒక సాయంత్రం మొగుడు పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూలబడ్డాడు.

"ఇవాళ ట్రిప్పయింది" అన్నాడు.

"రోజూ అయ్యేదేగా."

"చెయ్యి పెట్టి తీస్తున్నాను. ముద్ద గట్టిగా ఉంది, రోజూకన్నా ఎక్కువసేపు పట్టింది. గడ్డపార తెచ్చుకుందామని చెయ్యి బయటికి తీశాను. అటు తిరిగానో లేదో, తిరిగింది."

ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"కింద ఎవరున్నారు?"

"ఎవరుంటారు? నేనేగా కింద, నేనేగా పైన." ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు ఆ రోజు అన్నది నిజమేనేమో."

ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ళుగానో కాచుకుంది. తీరా అది చెవినపడ్డాక సంతోషం రాలేదు. గడప మీద కూచున్న మనిషి రెండు చేతులు కనిపించాయి, దుమ్ముకొట్టుకుని, మోకాళ్ళ మీద.

"రేపట్నుంచి స్విచ్చు ఆపేసి చెయ్యి పెట్టు."

"ఆపడానికి దిగి, తియ్యడానికి ఎక్కి, వెయ్యడానికి మళ్ళీ దిగితే బస్తాలు ఎవరు నింపుతారు? కింద మేనేజరు నెత్తిమీద నిలబడి ఉంటాడు."

"అయితే మానెయ్."

"మానేసి?"

మిల్లు తప్ప వాళ్ళకు వేరే పని తెలీదు. ఇంట్లో ఒకళ్ళ పని అప్పటికే పోయింది.

మర్నాడు ఆమె బజార్లో కరెంటు సామాన్ల కొట్టుకు పోయింది. కొట్టాయన ముసలాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఏదో డబ్బా వెతుకుతున్నాడు.

"ఒక స్విచ్చు కావాలండి. ఆగితే ఆగిపోయేది."

"ఆగితే ఆగిపోక పరిగెడుతుందామ్మా?" అన్నాడాయన డబ్బాలోంచి తలెత్తకుండా.

"మా మిల్లులో పరిగెడుతోంది."

అప్పుడు తలెత్తాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. "నొక్కే బటన్లా, తిప్పే పిడా?" అని అడిగాడు.

"ఇదివరకు బటన్లండి. పచ్చ బటను ఇరుక్కుపోతోందని మా మరిది తీసేసి తిప్పేది పెట్టాడు. మిల్లులో కరెంటు పని ఆయనదే."

ఆయన అరలోంచి అరచేతిలో పట్టే పరికరమొకటి తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది రిలే. మోటారు బరువెక్కువై వేడెక్కితే ఇదే ఆపేది. ఇదిగో, ఈ నీలం మొన చూడు. ఇటు ఉంటే, మనిషి వచ్చి దీన్ని నొక్కేదాకా మోటారు లేవదు. అటు తిప్పితే, ఇది చల్లారగానే తనంతట తానే సిద్ధమైపోతుంది. బటన్లున్నప్పుడు అటున్నా ఫరవాలేదు, మళ్ళీ పచ్చది నొక్కాల్సిందే కదా. తిప్పే పిడి అలా కాదు. అది ఆన్‌లోనే ఉండిపోతుంది. రిలే చల్లారింది, పిడి వేసే ఉంది. ఇంకేముంది, మోటారు లేస్తుంది."

"ఎవరూ ముట్టుకోకుండానే?"

"ముట్టుకోకపోతేనే" అన్నాడు ముసలాయన. "ఎవరన్నా ముట్టుకుని పిడి ఆపేసి ఉంటే లేవదుగా."

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది. నేను ముట్టుకోలేదు, నేను ముట్టుకోలేదు అని ఊరందరి ముందూ అంది. నిజమే అంది. ముట్టుకుని ఉంటే అన్నకు చెయ్యి ఉండేది. బటన్లున్నన్నాళ్ళూ ట్రిప్పయిన మోటారు శవంతో సమానం. అలాంటిదాన్ని మళ్ళీ ఆపాలని ఎవరికి తోస్తుంది? పిడి మారిందని తెలుసు, దాంతో పాటు ఇంకేం మారిందో ఎవరూ చెప్పలేదు.

"కూచో అమ్మా" అన్నాడు ముసలాయన. కూచోలేదు.

"మరి ఏది పెట్టాలండి?"

ఆయన లోపలికి పోయి ఇంకోటి తెచ్చాడు. నల్లటి పెట్టె, ముందు ఒక పిడి, పిడి కింద అంకెలున్న చిన్న చక్రం. "మోటారు బ్రేకరు. ఎక్కడో పాత ప్యానెల్లోంచి తీసింది, పని మాత్రం చేస్తుంది." సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి పక్కనున్న రంధ్రంలో నొక్కాడు. ఠక్కుమని పిడి నడిమికి వాలిపోయింది. "ట్రిప్పయింది. ఇప్పుడు ఎంతసేపైనా చూడు. సాయంత్రం దాకా చూడు."

ఆమె నిజంగానే చూస్తూ నిలబడింది.

"చల్లారినా లేవదు. మనిషి వచ్చి పూర్తిగా ఆపి, మళ్ళీ తిప్పాలి. తిప్పు."

చెయ్యి చాపడానికి భయమేసింది. చాపింది. తిప్పింది. పిడి గట్టిగా ఉంది.

"అయితే ఏదిబడితే అది పెట్టకూడదు. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో ఆ అంకె ఈ చక్రం మీద ఉండాలి. చిన్నది పెడితే మోటారు లేచినప్పుడల్లా కొట్టేస్తుంది. లేచేటప్పుడు అది ఐదారింతలు గుంజుతుంది కదా. అప్పుడు విసిగిపోయి మీవాళ్ళే తీసి పారేస్తారు. పెద్దది పెట్టావో, మోటారు కాలి పొగొచ్చినా ఇది నిద్రపోతూ ఉంటుంది. మోటారు మీద రేకు ఉంటుంది, దాని మీద రాసి ఉంటుంది. చూసుకురా."

రేకు ఉన్నమాట నిజమే. కానీ మోటారు బిగించినవాడు రేకున్న వైపు గోడకేసి బిగించాడు. గోడకూ మోటారుకూ మధ్య అరచెయ్యి దూరుతుంది గానీ తల దూరదు. ఆ సంగతి చెబితే మొగుడు ఆలోచించి, "చెయ్యి దూరుతుందిగా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ క్యారేజీ గేటు దాటి వచ్చింది. అడుగు గిన్నెలో తవుడు, మడ్డి కలిపిన ముద్ద, చదునుగా, దాని మీద అంకెల అచ్చు. మొగుడు రేకు మీది మడ్డి గోటితో గీకి, ముద్దను వేళ్ళతో అదిమి తీశాడు. కొట్లో ముసలాయన ముద్దను తిప్పి తిప్పి చూసి, "దాణా బాగుంది, అంకెలే తిరగబడ్డాయి" అని, వీధిలో ఉన్న తన స్కూటరు అద్దం దగ్గర పట్టుకున్నాడు. ఇద్దరూ వంగి అద్దంలోకి చూశారు. పదకొండు పాయింటు రెండు.

"ఈ చక్రం తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా తిరుగుతుంది, సరిపోయింది. అదృష్టవంతురాలివి" అన్నాడు. ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకుని, చక్రాన్ని పదకొండు మీద పెట్టడంలో మునిగిపోయాడు.

పెట్టెను చీరచెంగులో చుట్టుకుని నేరుగా మరిది ఇంటికి వెళ్ళింది. ఆమె పెళ్ళై వచ్చేనాటికి అతను లాగులేసుకునేవాడు. ఆమె వండిందే తిని పెరిగాడు, పని నేర్చాడు. ముందు గదిలో ఫ్యాను విప్పుకుని కూచున్నాడు. ఆమె పెట్టెను అతని ముందు పెట్టింది. దాన్ని చూశాడు. ఎందుకు తెచ్చావని అడగలేదు. అడగకపోవడంతోనే ఆమెకు అంతా అర్థమైంది.

"నీకు తెలుసు" అంది.

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"మాటిమాటికీ రిలే నొక్కడానికి నన్ను పిలవాల్సొస్తోందని, అది తనంతట తానే సిద్ధమయ్యేలా అటు తిప్పెయ్యమన్నాడు మేనేజరు. తిప్పాను. అప్పటికి బటన్లే ఉన్నాయి వదినా. తరవాతెప్పుడో బటను చెడింది, పిడి పెట్టాను. రెండూ కలిస్తే ఏమవుతుందో తట్టలేదు నాకు. మీ అన్న చెయ్యి పోయిన సాయంత్రం తట్టింది."

"తట్టాక?"

"మళ్ళీ ఇటు తిప్పితే, మొన్నటిదాకా ఎటుందని అడుగుతారు."

"అందుకని ఊరుకున్నావు. నీ అన్నయ్య రోజూ దాన్లో చెయ్యి పెడుతున్నాడు, ఊరుకున్నావు."

"స్విచ్చు ఆపి పెట్టమని చెప్పాను వదినా. చాలాసార్లు చెప్పాను."

"ఎందుకని చెప్పావా?"

అతను మొహం దించుకున్నాడు. ఏడుస్తున్నాడని భుజాలను బట్టి తెలిసింది. చిన్నప్పుడు ఇలా ఏడిస్తే దగ్గరికి తీసుకునేది. ఇప్పుడు నిలబడే ఉంది.

"రేపు ఇది బిగించు. కింద కాదు, పైన, మిక్సరు పక్కన. ఆయన చేతికందేలా."

"ఎందుకని అడిగితే?"

"మోటారు పాతదైపోయింది, కాలిపోకుండా అని చెప్పు. మోటారు కోసమంటే మేనేజరు ఎందుకొద్దంటాడు?"

మనిషి కోసమంటే ఏమంటాడో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు.

అతను కళ్ళు తుడుచుకుని పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. "పెడతాను. కానీ ఈ సంగతి బయటికొస్తే నేను అక్కడుండను. కొత్తవాడొస్తాడు. ఊరికే ఆగుతోంది, దీన్ని పీకెయ్యమని మేనేజరు అంటే పీకేస్తాడు. నేనుంటే పీకనివ్వను. ఒట్టు వదినా." తరవాత చాలా చిన్నగా అన్నాడు. "మరి నీ సంగతి?"

అతను తనను కాపాడుకుంటున్నాడు. అయినా అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను చంపేసింది. అబద్ధమైతే మొహాన కొట్టి పోయేది.

"నా సంగతి ఎవరడిగారు?" అని, చెంగు దులుపుకుని బయటికొచ్చింది.

మేనేజరు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. మోటారు సంగతి ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా అని మరిది మీద కేకలు కూడా వేశాడట. రెండోరోజు మధ్యాహ్నం ఆమె క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికొచ్చేసరికి, లోపలి నుంచి మిక్సరు మోత వినిపిస్తోంది. అన్న స్టూలు మీద ఉన్నాడు. ఖాళీ చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. గడ్డం ఎత్తి గోడ చూపించాడు.

ఆమె క్యారేజీ పెట్టబోతుండగా మోత మూలిగి ఆగిపోయింది.

అన్న వీపు బిగుసుకుంది. స్టూలు మీద నుంచి లేచాడు. ఆమె వైపు చూడలేదు, షెడ్డు వైపే చూస్తున్నాడు. ఎంతసేపటికి మళ్ళీ తిరుగుతుందో ఈ మిల్లులో అతని ఒంటికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఆ సేపు వచ్చింది. పోయింది. షెడ్డులో చప్పుడు లేదు. బస్తాల మీద పిచ్చుకల అరుపు వినిపించింది. ఇంకా చప్పుడు లేదు.

అప్పుడు గొట్టం మీద పానా రెండుసార్లు మోగింది. క్యారేజీ పట్టుకున్న ఆమె కుడిచెయ్యి లేచింది. ఆ వెంటనే మిక్సరు తిరిగింది. ఆమె గేటు దగ్గరుంటుందని తెలిసే మొగుడు కొట్టాడు, తన చేత్తో తనే వేసుకుంటున్నానని చెప్పడానికి.

"కింద ఎవరూ లేరుగా" అన్నాడు అన్న. "ఎవరి కోసం కొట్టాడు?"

చెయ్యి పోయాక అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఏమో అన్నా."

"స్విచ్చు మార్చారా?"

"మోటారు కాలిపోకుండా ఏదో పెట్టారట."

అతను ఇటు తిరిగాడు. మొహంలో ఏదో కదులుతోంది. "ఇదివరకు కాసేపటికి దానంతటదే..." అని ఆగాడు. మడిచిన చొక్కా చేతి వైపు చూసుకున్నాడు. "చెల్లీ, ఆ రోజు నువ్వు నిజంగా..."

గొంతుదాకా వచ్చింది. ఒక్క మాట, అంతే. ఒక్క మాట అంటే అన్న దక్కుతాడు. లోపల, పైన, మొగుడు చెయ్యి ఈ నిమిషాన ఎక్కడుందో. మాట బయటికి పోతే ఆ పెట్టె అక్కడ ఎన్నాళ్ళుంటుందో.

"అన్నం చల్లారిపోతుందన్నా" అంది. "లోపలికి పంపు."

అన్న చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. వెతికింది దొరకలేదు. మెల్లగా ఆ మొహం మళ్ళీ మూసుకుపోయింది. గడ్డం ఎత్తి గోడ చూపించాడు.

ఆమె క్యారేజీ గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసింది. అతను ఎడమచేత్తో తీసుకున్నాడు.