ఆరు వందలు చెల్లవు

అరటికాయలు మగ్గబెట్టే గది తలుపు తీయగానే తీపీ పులుపూ కలిసిన చల్లగాలి ముఖానికి తగులుతుంది. నాందేడ్ చుట్టుపక్కల ఇలాంటి గదుల్లో చల్లదనాన్ని నడిపే కంట్రోలు పెట్టెలకు అంకెలు ఎక్కించడం నా పని. నిన్న ఆ వాసన తగలగానే వామన్ సార్ గుర్తొచ్చారు. మోకాళ్ళు సహకరించక ఖాళీ క్రేటు మీద కాసేపు కూర్చున్నాను.

వామన్ సార్‌ది కిన్వట్. ఆ పెట్టెలు తయారుచేసే మా కార్ఖానా ఆయనదే. పెట్టెలో అన్నిటికంటే అడుగున నడిచే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. దాన్ని మా పనికి తగ్గట్టు ఆయనే మార్చి రాసేవారు. నేను ఊడ్చడానికి చేరాను. నలభై దాటినా అక్షరం రాదు. మధ్యాహ్నం రొట్టె తిన్నాక అట్టముక్కల మీద రాయించి నేర్పారు. అర్థమైందా అని అడిగితే తలూపేదాన్ని. వేలిముద్ర వేసిన రోజుల అలవాటు అది. ఎవరేం చదివి వినిపించినా తలూపితే త్వరగా వదిలేసేవారు.

రెండేళ్ళకు అంకెల పని ఇచ్చారు. ఒక వ్యాపారి గదిలో మోటారు పాతది. ఆగిన ప్రతిసారీ ఆరు వందల సెకన్లు విశ్రాంతి ఇవ్వాలని మెకానిక్ చీటీ రాశాడు. అదే కొట్టాను. పెట్టె ఏమీ అనలేదు. నాలుగో రోజు మోటారు కాలిపోయింది. గదినిండా కాయ నల్లబడింది.

వ్యాపారి వచ్చి అందరి ముందూ అడిగాడు. "మొన్నటిదాక చీపురు పట్టినామెతోని నంబర్లు కొట్టిస్తరా సార్?"

మళ్ళీ చీపురే అనుకుని మూలన నిలబడ్డాను. సార్ తన ప్రోగ్రాము తెరిచి చూశారు. అందులో విశ్రాంతికి ఆయన పెట్టిన గరిష్ఠం మూడు వందలు. అంతకు మించి ఇస్తే కెర్నల్ చడీచప్పుడు లేకుండా మూడు వందలకు తగ్గించుకుని, పైకి మాత్రం సరేనంటోంది.

"సేఠ్, ఆమె సరిగనే కొట్టింది. తప్పు నాది," అన్నారు. కొత్త మోటారు తానే పెట్టిస్తానన్నారు.

వ్యాపారి వెళ్ళాక నా వైపు తిరిగారు. "ఎంత ఎక్కిందో తిరిగి చూసుకున్నవా?"

"లేదు సార్. ఏమనలేదు గద, ఎక్కిందనుకున్న."

ఆయన అలసటగా నవ్వారు. "నువ్వు గూడ ఈ పెట్టె లెక్కనే జేస్తవ్ బాయీ. సమజ్ గాకున్నా తలూపుతవ్. ఇద్దరికీ నేర్పింది నేనేనాయె."

ఆ వారమంతా దాన్ని సరిచేశారు. హద్దు దాటిన అంకెను పెట్టె తీసుకోవద్దు, పాతదే ఉంచి, సంగతి తెర మీద చెప్పాలి అన్నారు. కరెంటు పోయి వచ్చినప్పుడు లోపల చెడ్డ అంకె కనిపిస్తే పెట్టె మొదలవ్వకుండా మొరాయిస్తుంది కదా, గది వేడెక్కిపోదా అని ఇంజనీర్లు అడిగారు.

"ఎదురుంగ మనిషుంటే అడగాలె. లేకుంటే ఖాయంగ నడిచే అంకె పెట్టుకొని, పెట్టుకున్ననని రాసిపెట్టాలె. ఊకె మాత్రం ఉండొద్దు," అన్నారు.

సార్ పోయి మూడేళ్ళు. నిన్న ఆ గదిలోనూ చీటీ మీద ఆరు వందలే ఉంది. కొట్టాను. తెర మీద వచ్చింది: '600 చెల్లదు. 300 దాటకూడదు. పాత విలువ 180 అలాగే ఉంది.' మెకానిక్‌కు ఫోన్ చేసి చెప్పాను.

తిరిగొస్తూ మోకాళ్ళు చూపించుకోవడానికి దవాఖానాకు వెళ్ళాను. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు. డాక్టరు గబగబా మరాఠీలో ఏదో చెప్పి, అర్థమైందా అన్నాడు. ఒళ్ళంతా అలసట. తల సగం వంగింది కూడా.

ఆపుకున్నాను. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను.

ఆయన నిట్టూర్చి, కలం కింద పెట్టి, మొదటి నుంచి చెప్పాడు.