బైండరమ్మ చెప్పిన అబద్ధం

ముప్పై ఏళ్ళుగా బడి రిజిస్టర్లూ, లైబ్రరీలో చిరిగిన నవలలూ కుట్టిన బైండరమ్మకు సొంతింటి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యాడలేదు. అది కాలం చేసిన భర్త బైబిలు. కుట్లు ఊడిపోయి, ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, దేనికది విడిపోయాయి.

కుట్టడం ఆమెకు చిటికెలో పని. చిక్కంతా అల్లుళ్ళతోనే. లిఫ్టు మెకానిక్ అయిన పెద్దల్లుడి సంఘంలో బైబిలుకు అరవై ఆరు పుస్తకాలే. దేవుడు ఒక్కడే, అందులో ముగ్గురున్నారనడం మనుషుల కల్పన అని కూడా ఆయన వాదన. కళ్ళజోళ్ళ కొట్టు చిన్నల్లుడికి పుస్తకాలు డెబ్భై మూడు. దేవుడు ఒక్కడే, కానీ ముగ్గురు. మామగారి బైబిలేమో చిన్నల్లుడి లెక్కది. దేవుడి సంగతి తేలకముందే తోడల్లుళ్ళు ఉప్పూ నిప్పూ అయి కూర్చున్నారు. మొగుళ్ళ పంతం పుణ్యమా అని అక్కాచెల్లెళ్ళు రెండేళ్ళుగా వంతులేసుకుని పుట్టింటికి వస్తున్నారు. ఇద్దరినీ ఒక్కచోట చూడాలని ఆ తల్లి ప్రాణం కొట్టుకుపోయేది.

ఎక్కువున్న ఆ ఏడు పుస్తకాలూ తీసేస్తే తప్ప ఇక మీ గడప తొక్కం అన్నాడు పెద్దల్లుడు. ఒక్క కాగితం తీసినా మేం తొక్కం అన్నాడు చిన్నల్లుడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బైండరమ్మ ఆలోచించి, మీ మామగారి పుస్తకం మీద నేను కత్తి పెట్టలేను, మీరే వచ్చి కోసుకోండి అని పెద్దల్లుడికీ, కోసేలోగా వచ్చి ఆపుకోండి అని చిన్నల్లుడికీ ఒకే గంటకు కబురు పెట్టింది. సాక్ష్యానికి భార్యల్ని కూడా తెమ్మంది.

ఇద్దరూ వచ్చారు. ఆమె పెద్దల్లుడి ముందు ఒక కాగితం పరిచి కత్తి అందించింది. మడతకు ఇటు ఆయన వద్దన్న ఏడింటిలో ఒకదాని చివరి పేజీ. అటు ఆయనకు కంఠతా వచ్చిన యెషయా గ్రంథం మొదటి పేజీ.

"కోస్తే యెషయా కూడా ఊడుతుంది బాబూ. మడత లేని కాగితం కుట్టుకు నిలవదు."

అంటించకూడదా అని అడిగాడాయన. ఏడాది తిరక్కుండా రాలిపోతుందనీ, మిగతా ఆరు పుస్తకాల దగ్గరా ఇదే తంతనీ చెప్పిందామె. పెద్దల్లుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి కత్తి కింద పెట్టాడు. చిన్నల్లుడు నవ్వబోతే, మీరు తీయొద్దన్న ఇటువైపు పేజీ మీరెప్పుడైనా చదివారా అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"దేవుడు ఒక్కడో ముగ్గురో మీరూ మీరూ తేల్చుకోండి. నాకున్నది ఇద్దరు కూతుళ్ళు. నాకు ఇద్దరూ కావాలి," అంది.

వంటింట్లోంచి అక్కాచెల్లెళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. పెద్దల్లుడు కాసేపు అటే చెవి పెట్టి, "ఉన్నది ఉన్నట్టే కుట్టేయండి అత్తయ్యా," అన్నాడు.

నిజానికి అలా కలిసిపోయి ఉన్నది ఆ ఒక్క కాగితమే. మిగతా ఆరు పుస్తకాలూ వాటి ఫారాలతో సహా నిక్షేపంగా ఊడి వచ్చేవి. వాటిని ఆమె పొద్దున్నే అట్టల దొంతర కింద దాచేసింది. పరిశుద్ధ గ్రంథం ముందు కూర్చుని ఆడిన ఈ అబద్ధానికి ఒక్కరికి జవాబు చెప్పాలో, ముగ్గురికి చెప్పాలో పైకి వెళ్ళాక చూసుకుందాంలే అనుకుని సూదిలోకి దారం ఎక్కించింది.