నాపరాళ్ల మీద ఐదో భాగం

కర్నూలులో ఒక పెండ్లివిందునూ, బనగానపల్లెలో మా మేనమామ పరువునూ, వాటితోపాటు నా బతుకుతెరువునూ ఒకే మధ్యాహ్నం ఎండలో పెట్టి కాల్చిన ఘనత నాది. కాల్చడమని మాటవరసకు అనడం లేదు, నిజంగానే కాల్చాను. విన్నాక మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్లో అద్దెకు గది దొరకడమంటే గాడిద కొమ్ము దొరకడమే. పెద్ద పెద్ద ఉద్యోగస్తులే గుడారాల్లో కాపురాలు పెట్టారు. గుడారంలో ఉన్నా ఇంట్లో ఉన్నా మామిడిపండు తినకుండా ఉండలేరు కదా అని మా మామ లెక్క. అక్కడ ఒక పండ్ల అంగడి పెట్టాలని ఆయనకు ఒకటే తహతహ. ఖాదర్ సాబు అనే పెద్దమనిషికి బజారులో ఒక గది ఖాళీగా ఉంది. ఆయన కూతురి పెండ్లికి పండ్లు పంపేది కూడా మేమే. పండ్లు చూశాక గది సంగతి మాట్లాడదామన్నాడట సాబు. పండ్లు బాగుంటే గది మాది. గది మాదైతే అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చునేది నేను. ఇరవయ్యేళ్లు వచ్చినా మామ కొట్టంలో గడ్డి పరుస్తూ కాయలు మాగబెడుతున్న నాకు అది ఇంద్రపదవి కింద లెక్క.

ఆ పండ్లను మామ ఒక్కొక్కటీ తన చేత్తోనే ఏరాడు. ఒక్కొక్కదానికీ కాగితం చుట్టి, గంపల్లో గడ్డి మధ్య పేర్చి, పైన గోనెపట్టా కప్పి దబ్బనంతో కుట్టాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"రే ఓబులేసూ, గంప మూతి విప్పొద్దు. ఎండ తగలనీయొద్దు. పసిబిడ్డను ఎత్తుకొని పోయినట్ల పోవల్ల."

"అట్లే మామా" అన్నాను. ఆ క్షణానికి అది నిజమే.

లారీ మస్తాన్‌ది. అడుగున నాపరాళ్లు, వాటి మీద మా గంపలు, గంపల మధ్య నేను. ఓర్వకల్లు దగ్గరికి వచ్చేసరికి ఇంజను పొగలు కక్కింది. నీళ్లు పోసి, చల్లబడేదాకా ఆగాలని మస్తాన్ డబ్బా తీసుకుని బావి వెతుక్కుంటూ పోయాడు. మే నెలలో మా దిక్కు బావి దొరకడం వేరు, బావిలో నీళ్లు దొరకడం వేరు. ఎంతసేపటికీ రాలేదు.

ఆ కుదుపులకు ఒక గంప కుట్లు ఊడి, ఒక పండు కాగితం ముసుగులోంచి నా వైపు తొంగిచూసింది. నేనూ దాన్ని చూశాను. కాగితం మీద ఇలా ఉంది: "వర్షిణి ఏడో తలుపు మీద చెయ్యి వేసింది."

నా గుండె ఒక్కసారి ఆగి మళ్లీ కొట్టుకుంది.

వర్షిణి ఎవరో మీకు తెలియదు కాబట్టి మీ గుండె బాగానే ఉంటుంది. నంద్యాల హాస్టల్లో చదివే రోజుల్లో మాకు అన్నం తర్వాత అన్నంలాంటిది 'మబ్బుల చెర' అనే నవల. భాగాలు భాగాలుగా వచ్చేది. అందులో శుష్కకేతుడని ఒక రాజు. దేశంలోని మబ్బులన్నింటినీ పట్టి కోటలో బంధించి, వానను చెంబుల లెక్కన అమ్ముతుంటాడు. ప్రజలెవరూ తలెత్తి ఆకాశం చూడకూడదు. చూస్తే తల తీస్తారు. కన్నీళ్లు కారిస్తే నీళ్లు వృథా చేశావని జరిమానా. ఆ కోటకు ఏడు తలుపులు. వర్షిణి అనే పిల్ల ఒక్కొక్క తలుపే దాటుకుంటూ వెళ్లి, నాలుగో భాగం చివర ఏడో తలుపు ముందు నిలబడింది. అంతే, నవల ఆగిపోయింది. రచయితకు సర్కారు ఉద్యోగం దొరికిందని, ఇక మబ్బుల జోలికి పోడని ఎవరో చెప్పారు. తలుపు వెనక ఏముందన్న దాని మీద హాస్టల్లో రెండు పార్టీలై కొట్టుకున్నాం కూడా. తర్వాత నా చదువు ఆగింది, హాస్టలు పోయింది, వర్షిణి మాత్రం ఆ తలుపు ముందే నిలబడిపోయింది.

ఇన్నేళ్లకు ఐదో భాగం వచ్చిందని, వచ్చి మామిడిపండుకు చొక్కా అయిందని నాకెలా తెలుస్తుంది?

ఒక్క పండే కదా అని విప్పాను. అటూ ఇటూ రెండు పుటలు. తర్వాతి పుట పక్క పండుకు ఉంటుందేమోనని అదీ విప్పాను. అది నలభై ఏడో పుట. దాని పక్కది పన్నెండు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నవల పిచ్చి పుటల వరుస ఎరుగదు.

చదువుతుంటే ఒక వింత. చిన్నప్పుడు కత్తియుద్ధాలు వస్తే లేచి కూర్చునేవాణ్ణి, మిగతావి దాటేసేవాణ్ణి. ఇప్పుడు పన్నెండో పుటలో ఒక ముసలామె మనవడికి కథ చెబుతూ ఆకాశం అనే మాట గుర్తు రాక తడుముకుంటుంటే ఆ పుట దాటలేక మళ్లీ మొదటినుంచి చదివాను. పుస్తకం మారిందో నేను మారానో తెలియలేదు. తెలుసుకోవాలంటే ఇంకో పండు విప్పాల్సిందే.

మస్తాన్ నీళ్లతో వచ్చేసరికి నా చుట్టూ బట్టల్లేని పండ్లు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?" అన్నాడు.

చదువుతున్నానన్నాను. పండ్లు విప్పి చదివేవాణ్ణి యాడా చూడలేదన్నాడు. నేను మొదటి నాలుగు భాగాల కథ టూకీగా చెప్పాను. మస్తాన్‌కు చదువు రాదు గానీ వినడం వచ్చు. ఇంజనుకు నీళ్లు పోయడం మానేసి డబ్బా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"తలెత్తి ఆకాశం చూడకూడదా?"

"చూస్తే తల తీస్తారు."

"మా దిక్కు వానకోసరం చూసి చూసి మెడలు పట్టేసినాయి. ఆ రాజు మాకుండింటే మెడలన్నా బాగుండు." డబ్బా కింద పెట్టి, "ఇంగ ఆ పిల్ల తలుపు తీసిందా లేదా?" అన్నాడు.

"దొరకలేదు."

"అయితే ఇంగో గంప విప్పప్పా, ఏం చూస్తాండావు" అన్నాడు. తప్పు ఇద్దరిదీ అని నేను అనను. మొదటి గంప నాది.

గాలి లేచింది. కాగితాలు ఎగిరిపోతాయని భయం. అప్పుడు నా బుర్ర, ఎన్నడూ పనిచేయని బుర్ర, పనిచేసింది. గంపలన్నీ ఒక పక్కకు జరిపాం. నాపరాళ్లు నున్నగా, చదునుగా, బల్లల్లా ఉన్నాయి. వాటి మీద కాగితాలు పుటల వరుసలో పరిచి, ఎగరకుండా ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క పండు పెట్టాను. ఇంత చక్కటి ఏర్పాటు ఏ గ్రంథాలయంలోనూ ఉండదని మురిసిపోయాను. ఆ వేళకు ఆ రాళ్ల మీద దోసె పోసినా కాలుతుందన్న సంగతి, అంచున గోనెపట్టా మడిచి వేసుకుని కూర్చున్న నాకు తగల్లేదు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. ముప్పై ఒకటో పుట మళ్లీ మళ్లీ దొరుకుతోంది. దొరికినప్పుడల్లా నేను పైకి చదువుతున్నాను.

"ఇదే మాట ఎన్నిసార్లు చెప్తాండావప్పా?" అన్నాడు మస్తాన్.

"గొప్ప రచయితలు ముఖ్యమైన సంగతిని తిరిగి తిరిగి చెప్తారు" అన్నాను. ఒకే పుస్తకంలో ఒకే పుట అన్నిసార్లు ఎందుకుంటుందని నాకు తట్టలేదు. నవల చదివేటప్పుడు లోకజ్ఞానం దండెం మీద ఆరేసి కూర్చునే మనిషిని నేను.

గంపలన్నీ ఖాళీ అయ్యాయి. వర్షిణి తలుపు మీద చెయ్యి వేసిన పుట ఉంది, తాళంచెవి తిప్పిన పుట ఉంది, తలుపు కిర్రుమన్న పుట ఉంది. ఆ తర్వాతి పుట లేదు. గడ్డి దులిపి చూశాం. లారీ కింద దూరి చూశాం. లేదు. అప్పుడు మస్తాన్ ముక్కు ఎగబీల్చి, ఈడ యాడో జామ్ వండుతాండారని అన్నాడు. నేను దగ్గరున్న పండును పట్టుకుని, వెంటనే వదిలేశాను. చెయ్యి చురుక్కుమంది.

పండ్లు కాలాక కాగితాలు పట్టుకున్నట్టు అప్పుడు గబగబా అన్నింటికీ మళ్లీ చొక్కాలు తొడిగాం. ముప్పై ఒకటో పుటలు మిగిలితే నా చొక్కాలో దోపుకున్నాను.

కర్నూలులో పెండ్లింట ఖాదర్ సాబు తానే ఒక పండు తీసుకుని కాగితం విప్పాడు. ఒక బుగ్గ బంగారం, ఒక బుగ్గ బొగ్గు. ఇంకోటి విప్పాడు. అదీ అంతే. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇవి మామిడిపండ్లా బాబూ, కాల్చిన వంకాయలా?" అని మెల్లగా అడిగి, పెండ్లికి వచ్చినవాడివి తిని పొమ్మన్నాడు. నేను తినలేకపోయాను. గది సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. వారం తిరక్కుండా అందులో గడియారాలు బాగుచేసేవాడు దిగాడని విన్నాం.

బనగానపల్లె చేరి మామ ముందు నిలబడ్డాను. అబద్ధాలు రెండు మూడు సిద్ధం చేసుకున్నాను గానీ, చొక్కాలోంచి ముప్పై ఒకటో పుటలు జారి కింద పడ్డాయి. ఉన్నదంతా చెప్పేశాను. మామ లేచి కొట్టంలోకి పోయాడు. దుడ్డుకర్ర కోసమేమోనని నేను వీపు సర్దుకున్నాను. ఆయన నన్ను లోపలికి పిలిచి, మూలనున్న గోనెపట్టా ఎత్తాడు. దాని కింద 'మబ్బుల చెర' ఐదో భాగాలు, నడుమెత్తు దొంతరలు, విప్పనివి, నలగనివి.

"ఎవురూ కొనల్యా అని పుస్తకాల అంగడాయన తూకానికి ఇచ్చినాడు. అడిగింటే ఒగటి నీ మొగాన కొట్టేవాణ్ణి కదరా" అన్నాడు.

నాకు సిగ్గు లేదు. గది పోయింది, అంగడి పోయింది, అయినా నా చెయ్యి ఆ దొంతర వైపు పోయింది. చివరి పుట అక్కడే, జానెడు దూరంలో ఉంది. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"నేనూ చదివినాలే. ఆ పిల్ల తలుపు తీసింది. లోపల మబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఉత్త కోట."

ఇన్నేళ్లు ఎదురుచూసిన సంగతిని కాయల ధర చెప్పినట్టు ఒక్క ముక్కలో చెప్పేశాడు. కర్రతో కొట్టి ఉంటే అంత ఏడ్చేవాణ్ణి కాదు. మామ గోనెపట్టా మళ్లీ కప్పుతూ అన్నాడు:

"లేని సరుకును అన్నేండ్లు అమ్మినాడు సూడు ఆ రాజు, వాడురా బేరగాడంటే. ఉన్న సరుకు ఇచ్చి పంపితే నువ్వు ఊరు దాటించలేకపోతివి."

అందుకే సకల జనుల సాక్షిగా శపథం చేస్తున్నాను. కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేసేదాకా ఏ పండు మీది కాగితమూ నా చేత్తో విప్పను, విప్పినా చదవను. ఎవరైనా ఒలిచి, కోసి, పళ్లెంలో పెట్టి ఇస్తేనే తింటాను.