బిళ్ళల సాయిలు

కిషన్‌బాగ్‌లో సాయిలు ఇంటికి ఎవరైనా రావచ్చు. బయటికి పోవాలంటే మాత్రం ఇత్తడి బిళ్ళ తీసుకోవాల్సిందే. నీళ్ళకు పోయే భార్యకు బిళ్ళ, పాలు పోసి రావడానికి పోయే బామ్మర్దికి బిళ్ళ, మూసీలో పొర్లడానికి పోయే బర్రెలకు మెడలో బిళ్ళ. తిరిగొచ్చాక గుమ్మం పక్కనున్న పెద్ద చెక్క పలక మీద ఎవరి మేకుకు వాళ్ళ బిళ్ళ తగిలించాలి. ఇంట్లోవాళ్ళ మేకు ఒక్కటి ఖాళీగా ఉన్నా సాయిలు అన్నానికి లేవడు. ఆయన లేవకపోతే ఆండాలు తినదు. అందుకని ఆ ఇంట్లో భోజనాల వేళను నిర్ణయించేది ఆకలి కాదు, అందరికంటే వెనక వచ్చే బర్రె.

"ఇది ఇల్లా, బాయా?" అని ఆండాలు రోజుకు నాలుగుసార్లన్నా అడిగేది.

"బాయిల ఇరవై రెండేండ్లు ఒక్క మనిషి తప్పిపోలే. ఇంట్ల తప్పిపోతే నా ఇజ్జత్ ఉంటదా?" అనేవాడు సాయిలు.

ఆయన అన్న బాయి నీళ్ళ బావి కాదు, ఎర్రగుట్ట కంపెనీ వాళ్ళ మూడో నంబరు బొగ్గుబాయి. దాని మీద దీపాల కొట్టు సాయిలుది. కిందికి దిగే ప్రతి మనిషీ దీపంతోపాటు తన నంబరు బిళ్ళ తీసుకుని దిగాలి, పైకి వచ్చి మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమి కిందే ఉన్నట్టు. రెండు వందల పన్నెండు బిళ్ళలు. అందులో ఒకటో నంబరు సాయిలుదే గానీ, ఆయన ఎన్నడూ దిగలేదు గనుక దాన్ని పెళ్ళయిన కొత్తలోనే ఆండాలుకిచ్చాడు. మిగతా ఆడవాళ్ళకు మొగుళ్ళు ముక్కుపుడకలు చేయించిన రోజుల్లో తనకు ఇత్తడి ముక్క దక్కిందని ఆండాలు ముప్ఫై ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉంది.

పంతొమ్మిది వందల ముప్ఫై మూడులో బొగ్గు అడుగంటిందని కంపెనీ ఆ బాయిని మూసేసింది. పనివాళ్ళు తలో దిక్కూ పోయారు. పోతూ పోతూ ఒకడు పార తెచ్చుకున్నాడు, ఒకడు తలుపు చెక్కలు తెచ్చుకున్నాడు. సాయిలు మాత్రం దొరను అడిగి మరీ బిళ్ళల గోనెసంచి, మేకుల పలక తెచ్చుకుని, ఆండాలు తమ్ముడు అంజన్ బర్రెల కొట్టం పక్కన ఈ ఇంట్లో దిగాడు. అంజన్ ఆ సంచి మోసిన రోజు నుంచీ నడుము నొప్పి అంటూనే ఉన్నాడు.

"బావా, నా పెద్ద ఇత్తడి చెంబు కూడ ఇంత బరువుండదు. అది పాలన్న కొలుస్తది. ఇవేం పనికొస్తయి?"

"మనుషులను కొలుస్తయి," అన్నాడు సాయిలు.

ఆయన బిడ్డ పెళ్ళిలో మగపెళ్ళివారికి ఆకు వేయకముందే బిళ్ళలు పంచాడు. పెళ్ళికొడుకు మేనమామ అవమానం అవమానమని ఎగిరి, చేతిలో బిళ్ళతోనే విసురుగా వెళ్ళిపోయాడు. సాయంత్రం బండ్లు కదిలే వేళకు నలభై నాలుగో మేకు ఖాళీ. సాయిలు వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. లొల్లి లొల్లి అయింది. చివరికి మేనమామ గడ్డివాములో నిద్రపోతూ దొరికాడు. బండ్లు వెళ్ళిపోయి ఉంటే ఆయన అక్కడే ఉండిపోయేవాడు. అప్పటినుంచి ఆ మేనమామ ఎక్కడికి పోయినా బిళ్ళ అడిగి తీసుకునేవాడు.

ఊరు దాటి పోయేవాళ్ళకైతే మరీ తిప్పలు. పొరుగింటి రుక్మాబాయి బిడ్డ పురుడికి వరంగల్ పోతుంటే యాభై ఆరో నంబరు చేతిలో పెట్టాడు.

"మిల్లు గేటు కాడ కుంటి మనిషి ఒకడుంటడమ్మా. ఊరికె చూపెట్టి రా."

"చూడక్కా! నేను పురుడు చూస్తనా, మిల్లు కాడ కుంటోన్ని ఎతుకుతనా?" అని రుక్మాబాయి ఆండాలు దగ్గర మొత్తుకుంది. అయినా పట్టుకుపోయింది, పట్టుకొచ్చింది. సాయిలు చెవిలో ఏదో చెప్పింది. సాయిలు ఆ పూట బర్రెకు రెండు తట్టల చిట్టు ఎక్కువ పెట్టాడు.

ఒకసారి పోలీసు జవాను వచ్చాడు. అవి నగరమంతా సభలు, సంఘాలు, రేపోమాపో ప్రజల ప్రభుత్వం వస్తుందన్న మాటలు గుప్పుమంటున్న రోజులు. బొగ్గుబాయి వాళ్ళు ఈ ఇంటికి వచ్చిపోతున్నారని ఎవరో చెప్పారట. జవాను మంచాల కింద, గడ్డిలో వెతికి, ఏమీ దొరక్క మీసం దువ్వుకుంటూ బయల్దేరాడు. సాయిలు అడ్డం పోయాడు.

"జవాన్ సాబ్, బిళ్ళ."

"క్యా బిళ్ళ? మై పోలీస్ హూఁ!"

"పోలీసోళ్ళు తప్పిపోరా? మీ ఊరు ఏది సాబ్?"

జనగామ అని తెలియగానే సాయిలు వెతికి వెతికి నూట నలభైయో నంబరు తీసి, అక్కడ ఒక మనిషికి చూపెట్టి రమ్మని ఇచ్చాడు. పండుగ సెలవుకు జనగామ పోయి వచ్చిన జవాను బిళ్ళ తిరిగి ఇవ్వడానికి వచ్చి, గ్లాసుడు మజ్జిగ తాగి, పలక మీద తానే తగిలించి పోయాడు. తరువాత ఆ వీధికి వచ్చినప్పుడల్లా మజ్జిగకు ఆగేవాడు. ఆండాలుకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఏదో ఒకరోజు తన మొగుణ్ణి పిచ్చాసుపత్రికి తీసుకుపోతారని, అక్కడా ఆయన అందరికీ బిళ్ళలు పంచుతాడని ఆమె భయం.

నలభై ఒకటిలో ఆ ఇంటికి మళ్ళీ బాయి గొడవ వచ్చింది. ఎర్రగుట్టలో మిగిలిన బాయి కూడా మూతపడబోతోంది. నలభై మైళ్ళ అవతల కంపెనీ కొత్త బాయి తవ్వుతూ, గుత్తేదారు తెచ్చిన కొత్తవాళ్ళను పెట్టుకుంటోంది. పాతవాళ్ళను ముందు తీసుకోవాలని, మూడో నంబరులో పని పోయినవాళ్ళకూ హక్కు ఉండాలని సంఘం అర్జీ రాసింది. పట్నంలో పెద్ద కచ్చేరి సాబు గురువారం పదింటికి వినడానికి ఒప్పుకున్నాడు. ఆ వేళ తప్పితే మళ్ళీ దొరకడు. మూడో నంబరు పాత పనివాళ్ళు ముప్ఫై ఇద్దరితో సంఘం కార్యదర్శి అమరనాథ్ అనే కుర్ర వకీలు వచ్చి అంజన్ కొట్టంలో దిగాడు.

సాయిలు అందరికీ ఎవరి పాత నంబరు బిళ్ళ వాళ్ళకు ఇచ్చాడు. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు ఆ ముక్కలను అరచేతిలో పెట్టుకుని చిన్నపిల్లల్లా చూసుకున్నారు. రాజన్న అనేవాడి పంతొమ్మిదో నంబరు మాత్రం బర్రె మెడలోంచి విప్పాల్సి వచ్చింది.

"నా నంబరు బర్రెకు కట్టినవా సాయిలన్నా?"

"ఫికర్ చెయ్యకు. పూటకు నాలుగు సేర్లిస్తది. నీ పేరేం చెడగొట్టలే."

అమరనాథ్‌కు మండిపోయింది. "మనుషులకు నంబర్లెయ్యడం కంపెనీ బుద్ధి సాయిలన్నా. మనం కొట్లాడేది దాని మీదనే. రేపు మన మంత్రులను మనమే ఎన్నుకునే రోజులొస్తయి. మనిషికో ఓటుంటది."

"ఓటంటే ఏంది వకీల్ సాబ్?"

"ధనికుడైనా పేదోడైనా మనిషికి ఒకటే. ఒక్కన్ని కూడ వదలకుండ లెక్కల పెట్టుకుంటరు."

"గదేనా? ముప్ఫై ఏండ్ల సంది నేను చేస్తున్నది గదే," అన్నాడు సాయిలు. "నంబరు మనిషిని పట్టుకునేందుకు కాదు సాబ్. కనపడకపోతే ఎతుక్కునేందుకు."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ముందు అమరనాథ్ అర్జీతో, వెనక ముప్ఫై ఇద్దరు, ఆ వెనక పలకను, గోనెసంచిని తలమీద మోసుకుంటూ సాయిలు, అందరికంటే వెనక జొన్నరొట్టెల మూటతో ఆండాలు. బహదూర్‌పురా దాటి హుస్సేనీఆలం మీదుగా చార్మినార్ వైపు నడుస్తుంటే, దుకాణాలవాళ్ళు లేచి నిలబడి చూశారు. ఆండాలు కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఆ పలక మనిషెవరో తనకు తెలియనట్టే నడిచింది.

కచ్చేరి మెట్ల దగ్గర సాయిలు పలక గోడకు ఆనించాడు. ఒక్కొక్కరే బిళ్ళ తగిలించారు. ముప్ఫై ఒకటి. ఆ ముప్ఫై రెండు మేకుల్లో పంతొమ్మిదోది ఖాళీ. గాజుల దుకాణాల రంగులు చూస్తూ రాజన్న ఎక్కడో వెనకబడ్డాడు.

"పది కావొస్తున్నది, నడవండి!" అన్నాడు అమరనాథ్.

సాయిలు పలక ముందు కూర్చున్నాడు. "ఒకడు తక్కువున్నడు."

"అన్నా, ముప్ఫై ఒక్కరికీ పని పోగొడతవా ఒక్కనికోసం?"

సాయిలు ఆ ఖాళీ మేకు మీది నుంచి చూపు తిప్పలేదు. ఆయన కూర్చోవడం చూసి ముప్ఫై ఒక్కరూ కూర్చున్నారు. ఇరవై ఏళ్ళు ఆ పలకకు అలవాటు పడ్డ మనుషులు. మేకు ఖాళీగా ఉంటే బాయి మీదినుంచి ఎవడూ ఇంటికి కదిలేవాడు కాదు. అమరనాథ్ బతిమాలాడు, గద్దించాడు, ఏడుపు ఒక్కటే తక్కువ. ఆండాలు కొంగు ఇంకా కిందికి లాక్కుంది. ఎనిమిదేళ్ళ ఆశను తన మొగుడు చేజేతులా మెట్ల మీద పోగొడుతున్నాడు.

పదయింది. పదింబావు అయింది. అర్జీదార్లు సాబు కోసం గంటలు గంటలు కాచుకోవడమే గానీ, సాబు అర్జీదార్ల కోసం కాచుకోవడం ఆ కచ్చేరి పుట్టాక జరగలేదు. ఆ వింత ఏమిటో చూడటానికి ఆయనే వరండాలోకి వచ్చాడు.

"ఏం తమాషా ఇది? మీరు బాయి కూలీలేనా, బజార్ల పట్టుకొచ్చినోళ్ళా? కంపెనీ కాగితంల మూడో నంబర్ల తొంభై మందే. మిగిలినోళ్ళు వచ్చిపోయేటోళ్ళంట, ఎక్కడున్నరో ఎవరికీ తెల్వదంట."

అమరనాథ్ నోరు తెరిచేలోపు టాంగా ఒకటి దడదడమని వచ్చి ఆగింది. కిషన్‌బాగ్‌లో తిరిగే టాంగావాలా దిగి, రాజన్నను మెడపట్టి దించాడు.

"బిళ్ళేవాలే! యే చోర్ కో దేఖో! మీ బర్రె బిళ్ళ కొట్టేసిండు! దారి తెల్వదని నన్నే అడుగుతున్నడు, చేతిల పంతొమ్మిదో నంబరు! కిషన్‌బాగ్ బర్రెల నంబర్లు నాకు తెల్వదా? పొద్దున మీరు పలక మోసుకుంట ఇటు పోయేది చూసిన, పట్టుకొచ్చిన."

మెట్లమీద ముప్ఫై ఒక్కరూ పగలబడి నవ్వారు. సాబు మీసాల చాటున నవ్వు దాచుకున్నాడు. రాజన్న చొక్కా సర్దుకుని, బిళ్ళ మేకుకు తగిలించాడు. అప్పుడు సాయిలు లేచి, చేతులు జోడించాడు.

"ఇప్పుడు అందరున్నరు సాబ్. ఆ మిగిలినోళ్ళు ఎక్కడున్నరో ఎవరికీ తెల్వదన్నరు. నాకు తెలుసు."

"నీకు చదువొచ్చా?"

"అంకెలొస్తయి సాబ్, అక్షరాలు రావు."

సాబు గోనెసంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీశాడు. దాని మీద కంపెనీ ముద్ర, బాయి నంబరు, మనిషి నంబరు. "యాభై ఆరు."

"శివయ్య. పెంటయ్య కొడుకు. పన్నెండేండ్లు బాయిల చేసిండు. కాలు కుంటి. వరంగల్ల మిల్లు గేటు కాడ ఉంటున్నడు."

రొట్టెల మూట పట్టుకున్న ఆండాలు ఉలిక్కిపడింది. రుక్మాబాయి తిట్టుకుంటూ వెతికిన కుంటివాడు!

"నూట నలభై."

"కృష్ణయ్య సాబ్. జనగామ టేషన్ ముంగట పల్లీలమ్ముతడు. మొన్న పండుగకు జ్వరమొచ్చి లేచిండు. మీ పోలీసాయనే చూసొచ్చి చెప్పిండు."

సాబు సంచి దగ్గర కూర్చుండిపోయాడు. సాయిలు చెబుతూ పోయాడు. ఎవడి తండ్రి ఎవడు, ఏ ఏడు దిగాడు, ఎన్నేళ్ళు చేశాడు, ఇప్పుడు ఏ ఊళ్ళో ఏం తిని బతుకుతున్నాడు. గుమాస్తా కలం రెండుసార్లు విరిగింది. ఎనిమిదేళ్ళుగా ఊరు దాటే ప్రతివాడి చేతిలో ఈ మనిషి పెట్టిన బిళ్ళ, ఆ దిక్కున బతుకుతున్న ఒకడి బిళ్ళేనని ఆండాలుకు అప్పుడు తెలిసింది. పిచ్చి అని తాను దాచుకున్నది రెండు వందల పదకొండు మంది క్షేమం. ఆమె నెత్తిమీది కొంగు వెనక్కి తోసుకుని, పక్కనున్న బంట్రోతుతో అడక్కుండానే చెప్పింది.

"మా ఆయన."

అయిదు నెలలకు ఉత్తర్వు వచ్చింది. అందరికీ దొరకలేదు, నూట అరవై మందికి కొత్త బాయిలో పని దొరికింది. పాత బిళ్ళ చూపించినవాడికి ముందు హక్కు. మిగతావాళ్ళ కోసం అమరనాథ్ మళ్ళీ అర్జీ రాస్తున్నాడు. బిళ్ళలన్నీ పట్టుకుపోవడానికి ఆయనే వచ్చి, అన్నీ మూటకట్టుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"సాయిలన్నా, నేను ఊరు దాటుతున్న. నాకేది?"

"నువ్వు మూటంత మోస్తున్నవు సాబ్. ఇంకేం కావాలె?" అన్నాడు సాయిలు, నవ్వబోయి నవ్వలేక.

మర్నాడు పలక మీద రెండు వందల పదకొండు మేకులు ఖాళీ. సాయిలు దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పంతొమ్మిదో నంబరు బర్రె బోసి మెడతో వాకిట్లో నిలబడి బయటికి పోనంటోంది. ముప్ఫై ఏళ్ళలో పోట్లాడకుండా ఒక్కరోజు కూడా బిళ్ళ ముట్టని ఆండాలు, మిగిలిన ఒక్క బిళ్ళనూ తీసి ఆయన ముందు ఊపింది.

"ఓ అయ్యా, బజారుకు పోతున్న. ఒకటో నంబరు. యాదికుంచుకో, నేను రాకముందు తిన్నవంటే చూడు."

సాయిలు నిటారుగా కూర్చున్నాడు. "జల్ది రా," అన్నాడు.

ఆమె కూరగాయలతో తిరిగి వచ్చేసరికి వెనక కొట్టంలో సుత్తి చప్పుడు. పలక మీద అప్పుడే కోసిన కొత్త ఇత్తడి బిళ్ళలు ఏడు మెరుస్తున్నాయి. వాకిట్లో అంజన్ ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు.

"నా పెద్ద చెంబేది? అక్కా, నా ఇత్తడి చెంబు కనిపిస్తలేదు!"

"మస్తుసార్లు చెప్పిన తమ్మీ," అన్నాడు సాయిలు కొట్టంలోంచి. "దానికో బిళ్ళ కట్టి ఉంటే దొరుకుతుండె."