రెండింతల కడాయి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను పాతబస్తీలోని ఒక డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. నేను లెక్కల లెక్చరర్‌ని. అక్కడ లెక్కల గ్రూపు లేదు. బి.ఏ. వాళ్లకు ‘నిత్యజీవిత గణితం’ అనే పేపరు చెప్పాలి. నిత్యజీవితంలోని బాధల్లో అదొకటని పిల్లలు సర్దుకుపోయారు.

ఘనపరిమాణం చెబుతుండగా మమత లేచింది. వాళ్లది కిషన్‌బాగ్‌లో పాల వ్యాపారం. బార్కస్‌లో ఒక పెళ్లికి కోవా ఆర్డరు వచ్చిందట. అంత పెద్దది అదే మొదలు.

“డబుల్ పాలు పట్టే కడాయి గావాలె సార్. బాపు రేపు బేగంబజార్ల కొంటడు. వెడల్పు డబుల్, లోతు డబుల్. మంచిగుంటదా?”

మంచిగా ఉండదు. అన్ని కొలతలూ రెండింతలైతే పట్టేది ఎనిమిదింతలు. అది వాళ్ల పొయ్యి మీద కూర్చోదు, కూర్చున్నా పాలు పలచగా పరుచుకుని మాడతాయి. కొన్న కడాయిని దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోరు. కొలతలు పావు వంతు పెంచితే చాలని బోర్డు మీద చూపించాను: ఒకటింబావును మూడుసార్లు వేసి గుణిస్తే రెండుకు కాస్త తక్కువ.

సాయంత్రం వాళ్ల నాన్న ఫోన్ చేశాడు.

“పావు పెంచితే డబుల్ ఎట్లైతది సార్? గట్లయితే పాలల్ల పావు నీళ్లు గలిపి డబుల్ అమ్ముకుందును గద! రేపు మీరు గూడ రాండ్రి. ఉల్టా అయితే ఎవల్ని అడగాలె?”

న్యాయమైన ప్రశ్న. వెళ్లాను.

మమత టేపుతో కొలిచి ఒక కడాయి తీయించింది. తండ్రి పెదవి విరిచాడు. “గిది మా పాతదానికి అన్న తీరుగనే ఉన్నది. బాపు తీరుగ లేదు.”

“నీళ్లు పోసి చూద్దాం బాపూ,” అంది మమత.

“పానీ పోస్తే కొన్నట్టే భాయ్,” అన్నాడు దుకాణదారు.

తండ్రి నా వైపు చూశాడు. నేను మమత వైపు చూశాను. ఆమె అప్పటికే ఆటోలో తెచ్చిన పాత కడాయి నింపుతోంది. ఒకసారి పోసింది. కొత్తది సగం దాటింది. రెండోసారి పోస్తే అంచుదాకా వచ్చి, కాసిన్ని నీళ్లు మెట్ల మీదికి పొర్లాయి.

“సార్, మీ లెక్క కారుతున్నది,” అన్నాడు తండ్రి. కడాయి మాత్రం ఆటో ఎక్కించాడు. పెళ్లికి కోవా వేళకు అందింది.

ఆ తర్వాత క్లాసులో ముందు బకెట్టు పెట్టాను, దాని వెనకే సూత్రం రాశాను. ‘సుమారు’ అని రాసిన ప్రతిసారీ, ఎంత పొర్లుతుందో కూడా చెప్పాను.